ఆరో వరుసలో పేరు

బ్యాలట్ మీద ఎవరి పేరు ఏ వరుసలో రావాలో తేల్చే చీట్లు తీసే రోజున క్లైడ్ మింటర్ చర్చికి వేసుకెళ్లే నీలం సూటు తొడుక్కుని వచ్చాడు. అంత ముస్తాబు అక్కర్లేదని అతనికి చెప్పేవాళ్లు లేకపోయారు. మిగతా అభ్యర్థులు ఒక్కరూ రాలేదు. పార్టీ తరఫున ఒక లాయరు మాత్రం వచ్చి వెనక కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఫోన్లో ఏదో చదువుకుంటున్నాడు. ఏం జరగబోతోందో ముందే తెలిసినవాడు అలాగే కూర్చుంటాడు.

రోజలీ డెంబెక్ బీరువాలోంచి చెక్క పీపా తీసి, తడిగుడ్డతో తుడిచి, బల్ల మీద పెట్టింది. ఆ కౌంటీ ఎన్నికల విభాగంలో బ్యాలట్ కాగితం తయారుచేసేది ఆవిడే. ఎవరి పేరు ఎక్కడ రావాలో ఆవిడ చేతుల మీదుగానే వెళ్లాలి. పీపాకి పక్కన ఒక పిడి, పైన చిన్న తలుపు ఉన్నాయి. అభ్యర్థుల పేర్లు రాసిన చీటీలు చుట్టి, వేలెడంత ప్లాస్టిక్ డబ్బీల్లో పెట్టి, ఒక్కొక్క మూతా నొక్కి చూసింది. డబ్బీలన్నీ ఒకే బరువుండాలని చీటీల్ని ఒకే కాగితంలోంచి స్కేలు పెట్టి కత్తిరిస్తుంది ఆవిడ. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. న్యాయం అనేదానికి తను చెయ్యగలిగింది అంతవరకేనని ఎప్పుడో సరిపెట్టుకుంది.

డిప్యూటీ క్లర్కు గ్లెన్ ఫుస్కో కోటు గుండీలు పెట్టుకుంటూ వచ్చి, పీపాలో రెండే రెండు డబ్బీలు వేశాడు.

క్లైడ్ బళ్లో పిల్లాడిలా చెయ్యెత్తాడు. "నా డబ్బీ ఏదండీ?"

"మీది రెండో తీతలో," అన్నాడు ఫుస్కో. "సెనేట్‌కి నిలబడ్డవాళ్లున్న జట్లకే మొదటి తీత."

"నాకు జట్టు లేదండీ. నేనొక్కణ్ణే."

"అదే మరి."

ఆ రెండు డబ్బీల్లో ఒకటి పార్టీ లైనుది. సెనేట్ మనిషి దగ్గర్నుంచి టౌన్‌షిప్ కమిటీ మనిషి దాకా పార్టీ పెద్దలు ఎంచిన పేర్లన్నీ పైనుంచి కిందికి ఒకే నిలువు వరుసలో వస్తాయి. న్యూజెర్సీలో దాన్నే లైను అంటారు. రెండో డబ్బీ ప్రతిసారీ సెనేట్‌కి ఒంటరిగా నిలబడి ఓడిపోయే ఒక పళ్ల డాక్టరుది. ఫుస్కో పిడి తిప్పాడు. లైనుకి మొదటి వరుస వచ్చింది. డాక్టరుకి రెండోది. లాయరు ఫోను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

తర్వాత నాలుగు డబ్బీలు వేశారు. క్లైడ్ పేరు ఆఖర్న వచ్చింది. ఆరో వరుస.

"పోన్లెండి, అసలంటూ వచ్చింది," అని క్లైడ్ లేచి, పీపా బీరువాలో పెట్టడానికి రోజలీకి ఒక చెయ్యి వేశాడు. ఇరవై తొమ్మిదేళ్లు బడి బస్సు నడిపినవాడు. రోజలీ పిల్లలిద్దరూ అతని బస్సులోనే బడికెళ్లారు. అతను పోటీ చేస్తున్నది పెలం ఫెర్రీ ఊరి పాలన చూసే టౌన్‌షిప్ కమిటీకి. ఒకే ఒక్క సీటు. అటువైపు పార్టీ లైనులో డెనిస్ కార్చర్ అని, పదకొండేళ్లుగా ఆ సీట్లో కూర్చున్నవాడు. నవంబరు ఎన్నిక ఆ ఊళ్లో పేరుకే. పార్టీ అభ్యర్థిని ఎంచే జూన్ ప్రైమరీలో గెలిచినవాడిదే సీటు.

"మా టోపాత్ వీధిలో నీళ్లు తోడే పంపు మూడేళ్లుగా చెడిపోయి పడుంది రోజలీ," అన్నాడు క్లైడ్ చేతులు దులుపుకుంటూ. "వాన పడితే కాలవ నీళ్లన్నీ మా నేలమాళిగల్లోకే. కార్చర్‌కి పదిసార్లు చెప్పాను. చూద్దాం అంటాడు. ఇంక నేనే వెళ్లి ఆ కుర్చీలో కూర్చుని చూద్దామని."

రోజలీ నవ్వింది గానీ, ఆరో వరుస దాకా ఎందరి చూపు వెళుతుందో ఆవిడకి తెలుసు.

మర్నాడు ఆవిడ కంప్యూటరు ముందు కూర్చుని గడులు గీసింది. ఎడమ అంచున పదవుల పేర్లు ఒకదాని కింద ఒకటి: సెనేట్, కాంగ్రెస్, షెరిఫ్, కౌంటీ కమిషనర్, అన్నిటికన్నా కింద టౌన్‌షిప్ కమిటీ. ప్రతి పదవి కిందా చీమ తలకాయంత అక్షరాల్లో 'ఒకరికే ఓటు వేయండి' అని ఉంటుంది. మొదటి వరుస పైనుంచి కిందిదాకా పేర్లతో నిండుగా, చూడముచ్చటగా ఉంది. రెండో వరుసలో డాక్టరు పేరొక్కటే, దాని కింద నాలుగు ఖాళీ గడులు. మూడు, నాలుగు, ఐదు వరుసల్లో కాంగ్రెస్‌కీ షెరిఫ్‌కీ కమిషనర్‌కీ ఒంటరిగా నిలబడ్డవాళ్లు తలా ఒకరు. టౌన్‌షిప్ కమిటీకి ఎదురుగా అడ్డంగా చూస్తే, కార్చర్ పేరు తర్వాత నాలుగు ఖాళీ గడులు దాటి, కుడి అంచున, కాగితం మడత పడే చోట, క్లైడ్ జె. మింటర్.

రోజలీ మౌసుతో ఆ పేరు పట్టుకుని రెండో వరుసకి లాగింది. డాక్టరు కింద, కార్చర్ పక్కనే సరిగ్గా సరిపోయింది. ఇద్దరూ పక్కపక్కన ఉంటే పోటీ ఉందని కంటికి తెలుస్తోంది. ఒంటరి అభ్యర్థుల్ని వీలునుబట్టి ఒకే వరుసలో సర్దొచ్చని నియమాల్లోనే ఉంది. వీలు అంటే ఏమిటో చెప్పేది మాత్రం క్లర్కు ఆఫీసే. కాసేపు అలాగే చూసి, ఆ పేరుని మళ్లీ ఆరో వరుసకే తీసుకెళ్లి వదిలింది.

ఆవిడకి ఒక అలవాటుంది. మొదటి ప్రూఫు రాగానే ఒక కాగితం ప్రింటు తీసి, పెన్సిలుతో సహా ఎఫ్రేన్ చేతిలో పెడుతుంది. ఎఫ్రేన్ ఆ ఆఫీసు అంతస్తు ఊడ్చి తుడిచే మనిషి. "నీకు నచ్చినవాళ్లకి వెయ్యి, నిజం ఓటే అనుకో," అంటుంది. అతను ఎలా నింపుతాడో చూస్తే జనం ఎక్కడ తడబడతారో తెలిసిపోతుంది.

ఎఫ్రేన్ తడి తుడుపుకర్ర గోడకి ఆనించి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని కూర్చున్నాడు. మొదటి వరుసలో పైనుంచి కిందిదాకా పేర్ల పక్కన సున్నాలన్నీ నింపేశాడు. తర్వాత కాగితమంతా వెతికి, కుడి చివర క్లైడ్ పేరు దగ్గర ఆగి, అదీ నింపాడు.

"ఈయన్ని తెలుసు నాకు," అన్నాడు. "మా పాపని బస్సులో తీసుకెళ్లేవాడు."

"మరి కార్చర్‌కి కూడా వేశావుగా."

"ఆయన ఈ వరుస. ఈయన ఆ వరుస. వరుసకొకరు కాదా?"

రోజలీ ఆ కాగితం పట్టుకుని గాజు తలుపు తోసుకుని ఫుస్కో గదిలోకి వెళ్లింది. రెండు పేర్ల మీద వేలు పెట్టి చూపించింది. "ఇలా నింపితే ఆ ఓటు ఇద్దరికీ చెల్లదు. మింటర్‌ని రెండో వరుసలోకి జరిపితే ఈ గొడవుండదు. లేదంటే ఆ గడుల మీదుగా పొడుగ్గా 'ఈ ఇద్దరిలో ఒకరికే' అని వేద్దాం."

ఫుస్కో కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "ఎఫ్రేన్‌కి పెలం ఫెర్రీలో ఓటుందా?"

"లేదు."

"మరి అతను తప్పు నింపితే మనకేంటి? చూడు రోజలీ, ఆరో వరుస డబ్బీలో వచ్చింది. నువ్వు జరిపితే కార్చర్ మనిషి మధ్యాహ్నానికల్లా ఇక్కడ కూర్చుంటాడు. ఆ మాట పొడుగ్గా వేస్తే మిగతా గడులన్నీ ఎగుడుదిగుడవుతాయి. ఉన్నదున్నట్టు పంపించెయ్. రిటైరవడానికి ఇంకా ఎన్ని నెలలు నీకు?"

"పదకొండు."

"పదకొండు నెలలు హాయిగా గడిచిపోవాలి కదా," అన్నాడు, మంచి మాట చెబుతున్నట్టే.

ఆవిడ బయటికొచ్చి, ప్రూఫు అడుగున 'సరిచూశాను' అన్నచోట సంతకం పెట్టింది. పెన్ను ఎప్పట్లాగే ఆడింది. అదే ఆవిడకి సిగ్గనిపించింది.

ప్రూఫులు చూసుకోవడానికి అభ్యర్థులకి రెండు రోజుల గడువు. క్లైడ్ మొదటి రోజే వచ్చాడు. కాగితం కౌంటరు మీద పరుచుకుని, వేలితో మొదటి వరుస పైనుంచి కిందికి దిగాడు. తర్వాత రెండోది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"నేనెక్కడున్నానమ్మా? నాకు నేనే దొరకట్లేదు."

రోజలీ వేలు పెట్టి చూపించింది.

"అబ్బో. మా వీధిలాగే చిట్టచివర పడేశారు." నవ్వాడు, నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "ఇక్కడిన్ని ఖాళీలున్నాయిగా, కొంచెం ఇటు జరపకూడదా?"

"నియమాలండీ క్లైడ్ గారూ."

"ఎవరు పెట్టారు నియమాలు?"

గాజు తలుపు వెనక ఫుస్కో ఫోన్లో ఎవరితోనో నవ్వుతున్నాడు. క్లైడ్ కాగితం మడతల ప్రకారం మడిచి ఇచ్చేసి, "మా వాళ్లకి చెప్పుకుంటాలే, కుడి చివర చూడండి, అక్కడే ఉంటానని," అన్నాడు. చెప్పుకున్నాడు కూడా. ఏప్రిల్ అంతా, మే అంతా టోపాత్ వీధిలోనూ చుట్టుపక్కల వీధుల్లోనూ తలుపు తట్టి మరీ చెప్పాడు. కుడి చివర చూడండి. కార్చర్ దగ్గర నింపొద్దు అని చెప్పడం మాత్రం అతనికి తట్టలేదు. ఒక సీటుకి ఇద్దరికి ఓటు వేసేవాళ్లుంటారని అతనికి తోచనేలేదు.

ప్రైమరీ రోజున పోలింగ్ మిషన్ల మీద క్లైడ్ ముప్పై ఒక్క ఓట్లు ముందున్నాడు. మిషన్ రెండు పేర్లు నొక్కనివ్వదు. పోస్టులో వచ్చిన కాగితాలకి అలాంటి అడ్డేమీ లేదు.

ఆ కాగితాల లెక్క రెండు రోజులు పట్టింది. స్కానరు పక్కకి నెట్టేసినవాటిని చూడడానికి రోజలీ, అవతలి పార్టీ తరఫున వచ్చిన ఒక ముసలావిడ ఎదురెదురుగా కూర్చున్నారు. కాగితం ఇద్దరికీ కనపడేలా మధ్యలో పెట్టాలి. ఇద్దరూ 'చెల్లదు' అంటే ఎర్ర ట్రేలోకి వెళుతుంది. మొదటిది: మొదటి వరుస నిండుగా నింపి ఉంది, కుడి చివర క్లైడ్ కూడా నింపి ఉంది.

"చెల్లదు," అంది ముసలావిడ.

"చెల్లదు," అంది రోజలీ.

రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఒకరు నీలం ఇంకుతో నింపారు, ఒకరు చూపు ఆనక సున్నా బయటికంతా పూసేశారు, ఒకరు క్లైడ్ పేరు కింద వరుస తప్పకుండా స్కేలు పెట్టి గీత గీసుకున్నారు. కాగితం ఆ చివర దాకా వెళ్లి, మడతలో ఉన్న పేరుని వెతుక్కుని నింపినవాళ్లు పొరపాటున నింపలేదు. కార్చర్‌ది అలవాటు కొద్దీ పడిన ఓటు. క్లైడ్‌ది కావాలని వేసిన ఓటు. ఆ సంగతి కాగితం మీద అంత స్పష్టంగా కనపడుతున్నా, చెల్లదు అనే మాట తప్ప వేరే మాట అనడానికి వీల్లేదు. ఇరవయ్యో కాగితం దగ్గర రోజలీ తల మాత్రం ఊపింది.

"నోటితో చెప్పాలమ్మా," అంది ముసలావిడ మెల్లగా.

మొత్తం అరవై మూడు. క్లైడ్ ఇరవై రెండు ఓట్లతో ఓడిపోయాడు.

మర్నాడు భోజనం వేళ రోజలీ మెట్ల దగ్గరికి వెళ్లి సొంత ఫోన్లోంచి క్లైడ్‌కి చేసింది. తను చేస్తున్నది ఉద్యోగం ఊడగొట్టుకునే పనేనని తెలుసు. "చెల్లనివి ఎన్నున్నాయో రాసి అడగండి," అంది. "అరవై మూడున్నాయి. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఇద్దరికీ వేసినవి."

"ఇద్దరికీ ఎందుకు వేస్తారు రోజలీ?"

ఆవిడ వరుసల సంగతి విడమరిచి చెప్పింది. రెండో వరుస ఖాళీ సంగతి మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

క్లైడ్ ఉచితంగా సలహా చెప్పే ఒక లాయరమ్మని కలిశాడు. ఈ ఎన్నిక ఫలితం మారదు, చెల్లనిది చెల్లనిదే అని ఆవిడ ఉన్నమాట చెప్పేసింది. అయితే కాగితం ఇలా వెయ్యడం తప్పని జడ్జి దగ్గర పిటిషన్ పెట్టొచ్చు, ఒప్పుకుంటే వచ్చేసారి నుంచైనా మారుతుంది, పంపు కోసం మళ్లీ నిలబడొచ్చు అంది. అందుకు ఒక ఓటరు కావాలి. నేను ఇలా పొరపాటు పడ్డాను, నా ఓటు పోయింది అని పేరు రాసి సంతకం పెట్టే ఓటరు. శుక్రవారం సాయంత్రం నాలుగింటిలోపు ఎన్నికల ఆఫీసులోనే ఇవ్వాలి, వాళ్లే జడ్జికి పంపుతారు.

క్లైడ్ మళ్లీ తలుపులు తట్టాడు. ఈసారి తలుపులు తొందరగా తెరుచుకోలేదు, తెరుచుకున్నా ఎవరూ ఒప్పుకోలేదు. నాకంత తెలీదనుకున్నావా అన్నాడొకడు. నేను సరిగ్గానే వేశానయ్యా, పక్కింటావిడే వేసుంటుంది అన్నాడింకొకడు. నేలమాళిగలో నీళ్లొచ్చాయని ఊరంతా చెప్పుకున్నవాళ్లు కూడా ఇది మాత్రం ఒప్పుకోలేకపోయారు. అరవై మూడుమందిలో ఒక్కడూ దొరకలేదు.

శుక్రవారం మూడున్నరకి క్లైడ్, అతని భార్య ఆర్లెథా కౌంటరు దగ్గరికొచ్చారు. అతను రోజూ తొడుక్కునే చొక్కాలోనే ఉన్నాడు. పిటిషన్ కాగితం చేతిలో ఉంది, ఓటరు పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"దొరకలేదు," అన్నాడు రోజలీతో. "ఇది తిరిగిచ్చేద్దామని వచ్చాను. ఆ బ్యాలట్ నమూనా ఒకటివ్వు, ఇంట్లో దాచుకుంటాను."

"ఏం దొరకలేదు? ఎవరు దొరకలేదు?" అంది ఆర్లెథా. మోకాళ్ల నొప్పికి కౌంటరు పట్టుకుని నిలబడింది. "ఈయన వారం నుంచి నాకేమీ చెప్పడు రోజలీ. తిరుగుతాడు, వస్తాడు, పడుకుంటాడు."

రోజలీ నమూనా కాగితం తెచ్చి పరిచింది. దాన్ని చూడగానే ఆర్లెథా ముఖం వికసించింది. "ఇదే. ఇది నింపడానికి నాకు పొద్దున్నంతా పట్టింది. వంటింటి బల్ల మీద పెట్టుకుని ఇదంతా ఎప్పట్లాగే నింపేశాను," అని మొదటి వరుస మీద పైనుంచి కిందికి చెయ్యి రాసింది. "మా అమ్మ నాడు నేర్పినట్టే, పార్టీది ముందు. తర్వాత ఈయన కోసం వెతికాను. చూపు సరిగ్గా ఆనదు కదా, స్కేలు పెట్టుకుని జరిపాను. ఆఖర్న దొరికాడు. నొక్కి నొక్కి నింపాను, మళ్లీ ఎవరూ చెరపకుండా."

క్లైడ్ కాగితం మీద అరచెయ్యి వేసి మూసేశాడు. "మంచి పని చేశావు. పద, వెళదాం."

"చెయ్యి తియ్యి."

"పద ఆర్లెథా. వానొచ్చేలా ఉంది."

నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి గొంతులో తేడా ఆవిడకి తెలియకపోలేదు. అతని చేతిని పక్కకి తోసి, చూపుడువేలు కార్చర్ పేరు మీద పెట్టింది. ఎడమ అంచుకి వంగి, చీమ తలకాయంత అక్షరాల్ని ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది. అక్కణ్ణుంచి ఒక్కొక్క ఖాళీ గడే దాటుకుంటూ వేలు కుడిచివరకి వెళ్లింది. అక్కడ ఆగిపోయింది.

"రోజలీ," అంది తలెత్తకుండా. "నాది లెక్కలోకి వచ్చిందా?"

రోజలీ క్లైడ్ వైపు చూసింది. అతను వద్దని కళ్లతోనే బతిమాలుతున్నాడు. ఆ చూపు తట్టుకోవడం కష్టమైంది. కానీ లెక్క జరిగిన రెండు రోజులూ చెల్లదు అనే ఒకే మాట నోటితో అనీ అనీ ఆవిడకి అబద్ధమాడే ఓపిక పోయింది.

"రాలేదమ్మా."

ఆర్లెథా ఏడవలేదు. "ఇరవై రెండు కదా," అంది. "నేను సరిగ్గా వేసుంటే ఇరవై ఒకటితో ఓడిపోయేవాడు."

"నీ తప్పేం లేదు," అన్నాడు క్లైడ్.

"నా తప్పేనని నేననలేదు. ఆ చివర ఎవరు పెట్టారు నిన్ను?"

రోజలీ చెప్పింది. "నేనే. పక్కనే చోటుంది. కార్చర్ పక్కన, రెండో వరుసలో. ఒకసారి పెట్టి చూశాను కూడా. మళ్లీ తీసేశాను."

క్లైడ్ ఆవిడకేసి మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. అతను కోప్పడతాడని రోజలీ ఎదురుచూసింది. కోప్పడి ఉంటే ఆవిడకి కొంత తేలికయ్యేది.

"నా బస్సు రూటు కాగితంలో ఒక స్టాపు రోడ్డుకి అవతలి పక్క వేశారు," అన్నాడు మెల్లగా. "లారీలు తిరిగే రోడ్డు. కాగితంలో ఉందిగదా అని పిల్లల్ని అక్కడ దింపెయ్యొచ్చు. నేను రోజూ అర మైలు పోయి బస్సు తిప్పుకొచ్చి ఇవతలి పక్క దింపేవాణ్ణి. మీ పాప కూడా అక్కడే దిగేది."

రోజలీకి ఆ సంగతి తెలీదు. ఇన్నేళ్లూ ఎప్పుడూ తెలీదు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తోచక కాగితం వైపు చూసింది.

ఆర్లెథా పిటిషన్ని తన ముందుకి లాక్కుని, అరవై మూడు ఓట్లు చెల్లలేదన్న చోట వేలు పెట్టి చదివింది. "ఇక్కడేనా ఓటరు పేరు?"

"వద్దు ఆర్లెథా," అన్నాడు క్లైడ్. "కోర్టులో నిలబెట్టి అడుగుతారు. మొగుడికి ఓటు వెయ్యడం చేతకాలేదా అని పేపర్లో రాస్తారు. ఊరంతా నవ్వుతుంది."

"నవ్వనీ. వాళ్లలో అరవై రెండుమంది లోపల ఏడుస్తూ నవ్వుతారు." పెన్ను తీసుకుని, పేరు పెద్ద అక్షరాల్లో, నొక్కి నొక్కి రాసింది. తర్వాత కాగితం తిప్పి రోజలీ ముందు పెట్టింది. "నువ్విప్పుడు చెప్పావే, పక్కన చోటుందని, పెట్టి తీసేశానని. అది కూడా రాయి. నా పేరు కింద."

ఆవిడ గొంతులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. పప్పులో ఉప్పు వెయ్యమన్నట్టు చెప్పింది. గోడ గడియారం మూడు నలభై రెండు చూపిస్తోంది. రోజలీ పెన్ను అందుకుని రాసింది: చోటు ఉంది. నియమం అడ్డు రాదు. ప్రూఫు దశలోనే ఒక మనిషి ఇదే తప్పు చెయ్యగా చూశాను. పై అధికారికి చెప్పాను. వద్దన్నారు. సంతకం చేశాను. దాని కింద పేరు, ఉద్యోగం, తారీఖు. ఈసారి పెన్ను ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగి ఆగి కదిలింది.

గాజు తలుపు తెరుచుకుని ఫుస్కో బయటికొచ్చాడు. "ఏంటి రోజలీ, నాలుగవుతోంది. ఏదైనా తీసుకునేదుంటే ముద్ర వేసెయ్, మూసేద్దాం."

పిటిషన్లు తీసుకుని, వచ్చిన వేళ ముద్ర వెయ్యడం రోజలీ పనే. ముద్ర ఆవిడ కుడిచేతి పక్కనే ఉంది. ఆవిడ దాన్ని తీసుకుని, తారీఖు చక్రం సరిచూసి, ఫుస్కో వైపు చాపింది.

"నేను వెయ్యకూడదండీ," అంది. "ఇందులో నేను సాక్షిని. మీరు వెయ్యాలి."

ఫుస్కో కాగితం చదవడం మొదలుపెట్టాడు. ఆవిడ చెయ్యి అలాగే చాచి ఉంచింది. క్లైడ్, ఆర్లెథా కౌంటరు అవతల కదలకుండా నిలబడ్డారు. ఫుస్కో చదివింది మళ్లీ మొదటి నుంచి చదివి, ముద్ర అందుకునేసరికి నాలుగింటికి ఇంకా ఆరు నిమిషాలున్నాయి.